వాస్కులర్ డిమెన్షియా: కోత లేని చికిత్సల చరిత్ర

మెదడుకు రక్తం అందించే నాళాలు పూడుకుపోయో, చిట్లిపోయో జ్ఞాపకశక్తి, ఆలోచన, నిర్ణయశక్తి సన్నగిల్లడాన్ని వాస్కులర్ డిమెన్షియా అంటారు. చనిపోయిన మెదడు కణజాలాన్ని బతికించే మందు ఇంతవరకు లేదు. వ్యాధికి మూలమేమిటన్న అవగాహన మారినప్పుడల్లా చికిత్స కూడా దారి మార్చుకుంది.

నాళాలను వెడల్పు చేసే ప్రయత్నం

మెదడులోని తెల్ల పదార్థం దెబ్బతిని మతి క్షీణించిన రోగుల గురించి 1894లో ఒట్టో బిన్స్‌వాంగర్ రాశాడు. ఆ తర్వాత చాలాకాలం, ముసలితనంలో వచ్చే మతిమరుపుకు నాళాలు గట్టిపడి రక్తం చాలకపోవడమే ప్రధాన కారణమని వైద్యులు నమ్మారు. అందుకే నాళాలను వ్యాకోచింపజేసే పాపావెరిన్, సైక్లాండెలేట్ వంటి మందులు వాడారు. అధిక పీడనంలో ఆక్సిజన్ ఇస్తే వృద్ధుల జ్ఞాపకశక్తి మెరుగైందని 1969లో అమెరికాలో ఎలియనోర్ జేకబ్స్ బృందం ప్రకటించింది. తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు.

1974 మలుపు

మతిని దెబ్బతీసేది మెదడుకు నిత్యం రక్తం చాలకపోవడం కాదని, ఒకదాని వెంట ఒకటి వచ్చే చిన్నా పెద్దా పక్షవాతాలేనని 1974లో హచిన్‌స్కీ, లాసెన్, మార్షల్ అనే పరిశోధకులు లాన్సెట్ పత్రికలో వాదించారు. దాంతో తర్వాతి పక్షవాతాన్ని ఆపడమే చికిత్స లక్ష్యమైంది. కోతతో అది సాధ్యం కాలేదు: పుర్రె బయటి ధమనిని మెదడు ధమనికి కలిపే బైపాస్ శస్త్రచికిత్స పక్షవాతాన్ని నివారించలేదని 1985లో, 1,377 మంది రోగుల పరీక్షలో తేలింది.

రక్తపోటు, నడక

వృద్ధుల్లో బీపీని మందులతో తగ్గిస్తే డిమెన్షియా కేసులు 21కి బదులు 11 మాత్రమే వచ్చాయని 1998లో సిస్ట్-యూర్ పరీక్ష చూపింది. అయితే ఆ కేసుల్లో ఎక్కువ అల్జీమర్స్‌వే. పై బీపీని 140 కంటే తక్కువకు కాక 120 కంటే తక్కువకు దించితే స్వల్ప మతిక్షీణత 19 శాతం తగ్గిందని 2019లో స్ప్రింట్ మైండ్ పరీక్ష ఫలితాలు తెలిపాయి. డిమెన్షియా విషయంలో మాత్రం స్పష్టమైన తేడా రాలేదు. డోనెపెజిల్, మెమాంటిన్ వంటి అల్జీమర్స్ మందులు ఈ రోగులకు ఇచ్చిన మేలు కొద్దిపాటిదే.

వాంకూవర్‌లో సన్న నాళాల జబ్బుతో మతి కొంత తగ్గిన 70 మందిలో సగం మంది చేత వారానికి మూడుసార్లు, గంటసేపు చొప్పున, ఆరు నెలలు వ్యాయామంగా నడిపించారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం మతి పరీక్షలో వారి మార్కులు కాస్త మెరుగుపడ్డాయి. నడిపించడం ఆపిన ఆరు నెలలకు ఆ తేడా నిలవలేదు.

పట్టీ, అయస్కాంతం

2012లో బీజింగ్ వైద్యులు మెదడు ధమనులు సన్నబడిన రోగుల రెండు చేతులకూ బీపీ పట్టీలు కట్టి, ఐదు నిమిషాలు బిగించి వదిలారు. ఇలా పూటకు ఐదుసార్లు, రోజుకు రెండు పూటలు చేయగా పక్షవాతం మళ్లీ రావడం తగ్గింది. 2022లో మూడు వేలకు పైగా రోగులతో జరిగిన పరీక్షలో ఆ మేలు రుజువు కాలేదు. 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం చూపిన, తల బయటి నుంచే మెదడును ప్రేరేపించే అయస్కాంత పద్ధతి ఈ వ్యాధి విషయంలో ఇంకా చిన్న పరీక్షల దశలోనే ఉంది.

హైదరాబాద్ అధ్యయనం

నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. రెండు, అంతకు మించి భాషలు వచ్చినవారిలో 40.5 శాతం మందికి, ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతం మందికి మతి మామూలుగా ఉంది. ఇది చికిత్స కాదు. దెబ్బ తగిలినా తట్టుకునే సామర్థ్యాన్ని మెదడు జీవితకాలపు సాధనతో కూడబెట్టుకోగలదన్న వాదానికి ఇది బలమిచ్చింది.