ఓడల పగుళ్ళు వెతికే యంత్రం

2021 జులైలో అక్క కొడుకు, పద్నాలుగేళ్ళ వాడు, ఐదు రోజుల జ్వరంతో పిల్లల ఐసీయూలో చేరాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, బీపీ పడిపోతోంది. ఇంట్లో అందరికీ కోవిడ్ వచ్చి తగ్గి అప్పటికి నెల. రాత్రి పదకొండింటికి డ్యూటీ డాక్టరు లాప్‌టాప్ అంత మెషీన్ని తోసుకొచ్చి, వాడి ఛాతీ మీద జెల్ రాసి, నాలుగు నిమిషాలు చూసింది. "గుండె పంపింగ్ తగ్గిందమ్మా. సెలైన్ ఇంకా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. మందు మారుస్తాం" అంది అక్కతో.

వాడు కోలుకున్నాడు. నాకు మాత్రం ఆ మెషీన్ పిచ్చి పట్టుకుంది. దాని చరిత్ర తవ్వుకుంటూ పోతే ఓడలు కట్టే చోట తేలాను.

స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగె ఎడ్లర్ అనే గుండె డాక్టర్ ఉండేవాడు. అప్పట్లో మైట్రల్ కవాటం బిగుసుకుపోయిన వాళ్ళకి ఆపరేషన్లు మొదలయ్యాయి. కానీ ఆ కవాటం బిగుసుకుపోయిందా, లేక మూసుకోక కారుతోందా అన్నది కోసేముందు గట్టిగా చెప్పడం కష్టం. తప్పు రోగిని బల్ల మీద పడుకోబెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా! ఎడ్లర్ వెళ్ళి హెల్మత్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్తని అడిగాడు. (మనం ప్రాసెసర్ స్పీడ్ చెప్పుకునే గిగాహెర్ట్జ్‌లోని హెర్ట్జ్, ఇతని తండ్రికి స్వయానా పెదనాన్న.) మాల్మో షిప్‌యార్డులో లోహంలో పగుళ్ళు వెతికే అల్ట్రాసౌండ్ పరికరం ఉందని హెర్ట్జ్‌కి తెలుసు. దాన్ని అరువు తెచ్చి తన ఛాతీకే ఆనించుకుని చూశాడు. తెర మీద ఏదో కదిలింది. తర్వాత సీమెన్స్ వాళ్ళ యంత్రం అరువుకొచ్చింది. 1953 అక్టోబరు 29న గుండె ప్రతిధ్వనులు మొదటిసారి ఫిల్మ్ మీద నమోదయ్యాయి.

ఇక్కడిదాకా అందరూ చెప్పే కథే. నన్ను ఆపేసింది దీని తర్వాతది. గీత వచ్చింది సరే, అది గుండెలో దేని గీత? మా భాషలో చెప్పాలంటే, లాగ్ పడుతోంది గానీ ఏ మాడ్యూల్ రాస్తోందో తెలీదు. అది ఎడమ కర్ణిక గోడ అనుకున్నారు. నిజానికది మైట్రల్ కవాటం ముందు రెక్క. అది తేలడానికి ఎడ్లర్ చేసిన పని చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. ఇక బతకరని తెలిసిన రోగుల ఛాతీ మీద శబ్దం ఏ చోటు నుంచి ఏ దిశలో లోపలికెళ్ళిందో గుర్తు పెట్టుకునేవాడు. వాళ్ళు పోయాక అదే చోట, అదే దిశలో, ఐసుగడ్డలు పగలగొట్టే పొడవాటి సూది దించి, అది దేన్ని తాకిందో పోస్ట్‌మార్టంలో చూసేవాడు. రెక్క అని తేలాక గీతకి అర్థం వచ్చింది. ఆరోగ్యమైన రెక్క తెరుచుకుని చటుక్కున వెనక్కి వస్తుంది. బిగుసుకున్నది నెమ్మదిగా వస్తుంది. అంటే గీత వాలు చూసి జబ్బు ఎంత ముదిరిందో చెప్పొచ్చు.

కవాటాన్ని అలా బిగించే జబ్బు ఎక్కువగా బడి వయసులోనే మొదలవుతుంది. గొంతునొప్పి వస్తుంది, కొన్నాళ్ళకి కీళ్ళు వాస్తాయి, తగ్గిపోయిందనుకుంటాం. లోపల కవాటం మాత్రం పాడవుతూనే ఉంటుంది. స్వీడన్‌లో ఇది దాదాపు చరిత్రలో కలిసిపోయింది, మన దగ్గర కలవలేదు. 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో కంబోడియా బడిపిల్లలు 3,677 మందిని పరీక్షించారు. డాక్టర్ల పరీక్షలో, స్టెతస్కోపుతో, దొరికినవాళ్ళు 8 మంది. చిన్న ఎకో మెషీన్‌తో చూస్తే 79! దొరికితే మాత్రం ఏం లాభం అనే ప్రశ్నకి 2021లో ఉగాండా నుంచి జవాబొచ్చింది. ఎకోలో తొలిదశ జబ్బు కనపడిన 5-17 ఏళ్ళ పిల్లల్లో సగం మందికి నెలనెలా పెనిసిలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. రెండేళ్ళకి ఇంజెక్షన్ లేనివాళ్ళలో 8.2 శాతం మందికి జబ్బు ముదిరింది, ఉన్నవాళ్ళలో 0.8 శాతానికి.

మరైతే మెషీన్ని సంచిలో వేసుకుని బడులకి తిరగొచ్చు కదా? ఆ సైజు మెషీన్లు ఎప్పుడో వచ్చేశాయి. 1990ల్లో అమెరికా రక్షణశాఖ యుద్ధభూమి కోసం పెట్టించిన డబ్బు నుంచే సోనోసైట్ లాంటివి పుట్టాయి. మన దేశంలో చిక్కు వేరే. గుండె రెక్కని చూపించే మెషీన్ కడుపులో పిల్లనీ చూపిస్తుంది. ఆడపిల్లల్ని పుట్టకముందే చంపుకున్న సమాజం కాబట్టి 1994లో చట్టం వచ్చింది. 2012 నియమాలతో, చేతిలో పట్టుకుపోయే మెషీన్లని రిజిస్టరైన ఆస్పత్రి ఆవరణలోనో, మొబైల్ మెడికల్ యూనిట్లోనో తప్ప వాడకూడదన్నారు. ఆ నియమం అన్యాయమని నేననలేను. కానీ ఆడపిల్ల పుట్టాలని పెట్టిన కాపలా, ఆ పిల్లే పన్నెండేళ్ళకి బడి బెంచీ మీద ఆయాసపడుతుంటే మెషీన్ని ఆమె దాకా తేలిగ్గా రానివ్వదు. ఈ ముడి ఎలా విప్పాలో నాకు తోచలేదు. విప్పే ప్రయత్నం పెద్దగా జరుగుతున్నట్టూ కనపడదు.

మంచం పక్కన చేసే ఈ నాలుగు నిమిషాల చూపు పూర్తి ఎకోకి బదులు కాదని ఆ డాక్టరే చెప్పింది. గుండె బాగా పిండుతోందా, చుట్టూ నీరు చేరిందా, గదులు ఉబ్బాయా అని కంటితో అంచనా వేస్తుంది, అంతే. కొలతలన్నీ తర్వాత కార్డియాలజిస్ట్ తీస్తాడు, పిల్లవాడి ఒడ్డూ పొడుగుకి తగ్గట్టు లెక్కగట్టి.

డిశ్చార్జికి ముందురోజు మళ్ళీ చూసింది. అప్పటికి మావాడు పక్కకి తిరిగి తెర చూసే ఓపికలోకి వచ్చాడు.

"ఆ టపటపా కొట్టుకునేది ఏంటి మేడం?"

"మైట్రల్ కవాటం, ముందు రెక్క. కదలకు నాన్నా, గీత చెదిరిపోతుంది."