తేటనీరు, మంచినీరు: లష్కర్ నుంచి నల్లగొండ దాకా

తాగడానికి తగిన నీటిని తెలుగులో మంచినీరు అంటారు. మడ్డి దిగి అడుగు కనిపించే నీరు తేటనీరు. వ్యవహారంలో ఈ రెండు మాటలూ తరచు ఒకదాని చోట మరొకటి నిలుస్తాయి. వెంట తీసుకుపోగల నీటిశుద్ధి సాధనాల చరిత్రను సికిందరాబాదు నుంచి పరిశీలిస్తే, ఆ కలయిక కేవలం భాషావిషయం కాదని తేలుతుంది.

మూడవ నిజాం సికిందర్ జా పేరిట 1806లో వెలసిన సికిందరాబాదు ప్రధానంగా సైనికుల ఊరు, జనవ్యవహారంలో లష్కర్. దండు కదిలిన ప్రతిచోటా దారిలోని కుంట, వాగు, చెరువు ఏది దొరికితే అదే ఆధారం. ఆ బురదనీటికి తెలుగునేల ఎరిగిన పరిహారం చిల్లగింజ. దీన్నే ఇండుపగింజ అనీ, సంస్కృతంలో కతకమనీ అంటారు. నీటిని తేర్చే ఏడు ద్రవ్యాలలో సుశ్రుతసంహిత దీన్ని చేర్చింది. మట్టికుండ లోపలి గోడకు గింజను కొద్దిసేపు అరగదీసి, నీరు పోసి కదపకుండా ఉంచితే మడ్డి అడుగున పేరుకొంటుంది. గింజలోని పదార్థాలు మట్టిరేణువులను ఒకదానికొకటి అంటించి, బరువెక్కించి దించుతాయని ఆధునిక వివరణ. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కలపై 1795లో వెలువడిన గ్రంథంలో, యుద్ధకాలంలో ముందుచూపు గల అధికారులు, సైనికులు ఈ గింజలను వెంట ఉంచుకొనేవారని నమోదు చేశాడు. పటిక కంటే ఇవి తేలికగా దొరుకుతాయనీ, బహుశా ఒంటికి తక్కువ చెరుపు చేస్తాయనీ ఆయన అభిప్రాయం. లష్కర్ సిపాయిల మూటల్లోనూ ఇవి ఉండేవని ఊహించడం అసంగతం కాదు.

అయితే చిల్లగింజ తీసేది కంటికి కనిపించే మాలిన్యాన్నే. ఉజ్జయినీ మహంకాళి ఆలయ ఐతిహ్యం ఇక్కడ స్మరణీయం. 1813లో జంటనగరాలలో కలరా చెలరేగినప్పుడు, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మొక్కుకొన్నాడనీ, 1815లో తిరిగివచ్చి సికిందరాబాదులో అమ్మవారిని ప్రతిష్ఠించాడనీ స్థలకథ. కలరా తొలి మహావ్యాప్తి బెంగాల్‌లో 1817లో మొదలైందని వైద్యచరిత్ర చెబుతున్నందున ఈ సంవత్సరాలను విమర్శతోనే స్వీకరించాలి. అంతకంటె ముఖ్యం, వ్యాధికీ తాగునీటికీ గల సంబంధం అప్పటి వైద్యులకు సైతం స్పష్టపడలేదు. జాన్ స్నో లండన్‌లో ఆ సంబంధాన్ని చూపింది 1854లో. రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా క్రిమిని గుర్తించింది 1884లో. అంతవరకు తేటనీరు తాగినవారు మంచినీరే తాగామనుకొన్నారు.

ఇరవయ్యవ శతాబ్దిలో ఇదే పొరపాటు సికిందరాబాదుకు ఆగ్నేయాన ఉన్న నల్లగొండలో మరింత క్రూరంగా ఎదురైంది. అక్కడి బోరునీరు చూపునకు స్వచ్ఛమైనదే. అందులో కరిగిన ఫ్లోరైడ్ పళ్లను మచ్చపరచి, ఎముకలను వంచింది. తేర్చడానికి మడ్డే లేని చోట చిల్లగింజకు పని లేదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970వ దశకంలో రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి నీటిలో కలిపి, తేరనిచ్చి, పై నీటిని కుళాయి ద్వారా వంచుకొంటారు. ఒక బకెట్టు చాలు. రాక్స్‌బర్గ్ చిల్లగింజ కంటే తక్కువగా ఎంచిన పటికే ఇక్కడ ప్రధాన ద్రవ్యం కావడం చిత్రం.

రెండు పద్ధతులలోనూ కనిపించే క్రియ ఒక్కటే, తేర్చడం. భేదం అధికారంలో ఉంది. గింజ అరగదీసినవారికి నీరు సిద్ధమైందో లేదో సొంత కన్నే చెప్పేది. నల్లగొండ బకెట్టుకు ఎంత పటిక వేయాలో ఆ నీటిలోని ఫ్లోరైడ్, క్షారత పరీక్షిస్తే తప్ప తెలియదు. తక్కువైతే విషం మిగులుతుంది, ఎక్కువైతే అల్యూమినియం మిగలవచ్చు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిందో లేదో ఏ గృహిణీ చూపుతో పోల్చలేదు. ఇంటింటా ఈ పద్ధతి నిలవకపోవడానికి బద్ధకాన్ని కారణంగా చూపడం అన్యాయం.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నదీజలాలను పైపుల ద్వారా ఆ గ్రామాలకు చేర్చింది. ఇథియోపియా, టాంజానియాల ఫ్లోరైడ్ ప్రాంతాలలో మాత్రం ఆ బకెట్టు పద్ధతిని నల్లగొండ పేరుతోనే ప్రయోగించారు.