షావుకారు వకీలు, మన వకీలు

మన తాతల కాలంలో కచేరీ అంటే కొండ దిగి నడిచి వెళ్లాల్సిన దూరపు చోటు. అక్కడ షావుకారు చేతిలో కాగితం, పక్కన వకీలు ఉండేవాళ్లు. మనవాళ్లకు ఉన్నది దున్నిన భూమి, నోటి మాట. ఉప్పుకు, బట్టకు చేసిన అప్పు కింద ఆ భూమి పోయేది.

1917లో మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు ఒక చట్టం చేసింది. ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి మారితే చెల్లదు. చట్టం మంచిదే. కానీ చెల్లదని వెళ్లి అడగాల్సింది భూమి పోగొట్టుకున్నవాడే! అతని తరఫున మాట్లాడేవాళ్లు ఎవరు? 1959లో వచ్చిన భూబదలాయింపు నిబంధనలు 1963లో తెలంగాణ ఏజెన్సీకీ వర్తించాయి.

అసలు మలుపు 1970లో వచ్చింది. 1/70 అంటే ఏమిటని మా హాస్టల్ పిల్లలను అడిగితే, "మన భూమి వేరేవాళ్లు కొనకూడదు" అంటారు. అది సగమే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందుగా భావించాలి, కాదంటే అతనే రుజువు చూపాలి అన్నది మిగతా సగం. అప్పటిదాకా కాగితం లేక తలవంచినవాడికి ఇది ఎంత బలమో ఆలోచించండి.

అయినా వకీలు అవసరం తీరలేదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజులపై సమత సంస్థ హైకోర్టుకు వెళ్లి ఓడిపోయింది. అక్కడితో ఆగి ఉంటే కథ అయిపోయేది. సుప్రీంకోర్టుకు వెళ్లారు. చట్టంలోని 'వ్యక్తి' అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని 1997 జూలై 11న తీర్పు వచ్చింది. ఒక్క మాటకు అర్థం తేల్చడానికి అంత వాదన కావాల్సి వచ్చింది.

ఆ వాదన మనకు డబ్బుతో పని లేకుండా దొరుకుతుంది. 1987 న్యాయ సేవాధికార చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలును ఇవ్వాలి. ఇది సివిల్ కోర్టుకే కాదు, భూబదలాయింపు కేసులు వినే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టుకూ వర్తిస్తుంది. మండల లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తెల్ల కాగితం మీద అర్జీ రాసిస్తే చాలు. రాయలేనివాళ్లు నోటితో చెబితే అక్కడే రాసుకుంటారు. ఫోన్ 15100. కుల ధ్రువపత్రం, భూమి సర్వే నంబరు, ఉంటే పాత శిస్తు రసీదులు వెంట తీసుకెళ్లండి. ఇప్పటికే తీర్పు వచ్చి ఉంటే దాని నకలు ముందు తీసుకోండి, అప్పీలుకు గడువు ఉంటుంది.