పెన్ స్టేషన్: పైన కొత్త హాలు, కింద పాత సొరంగం

ఎడిసన్, మెట్రోపార్క్, ప్రిన్స్‌టన్ జంక్షన్. అమెరికా గడప తొక్కని వాళ్ళకి కూడా ఈ పేర్లు తెలిసే ఉంటాయి, మన బ్యాచ్‌మేట్స్‌లో ఎవరో ఒకరు అక్కడ ఉండకుండా ఉండరు కాబట్టి. న్యూజెర్సీలో ఇల్లు, మాన్‌హట్టన్‌లో ఏదో బ్యాంకు ప్రాజెక్టు. పొద్దున్నే రైలెక్కి హడ్సన్ నది కింద నించి దూరి న్యూయార్క్ పెన్ స్టేషన్లో తేలడం, సాయంత్రం అదే స్టేషన్లో మెడ పైకెత్తి బోర్డు వంక చూస్తూ నిలబడడం. ట్రాక్ నంబరు రైలు బయల్దేరడానికి ఓ పది నిముషాల ముందు పడుతుంది. పడగానే వందల మంది ఒకే మెట్ల మీదకి పరుగు. తక్కువ ఎత్తు సీలింగు, ఇరుకు ప్లాట్‌ఫారాలు, ఎక్కడా ఎండ పొడ కనపడదు. ప్రపంచంలో డబ్బున్న నగరాల్లో ముందు వరసలో ఉండే ఊరికి ఇదా స్టేషను అని మొదటిసారి చూసిన ప్రతి వాడికీ అనిపిస్తుంది. కోవిడ్‌కి ముందు రోజుకి సుమారు 6 లక్షల మంది తిరిగేవాళ్ళు ఇందులో. దీన్ని బాగు చెయ్యాలని ముప్ఫై ఏళ్ళకి పైగా అంటూనే ఉన్నారు. కొంత చేశారు కూడా. కానీ ఏది చేశారు, ఏది వదిలేశారు అన్నది చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1910కి ముందు పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్ళ రైళ్ళు మాన్‌హట్టన్‌కి వచ్చేవే కాదు. న్యూజెర్సీ ఒడ్డున జెర్సీ సిటీలో ఆగిపోయేవి. అక్కడ దిగి, సామాన్లు మోసుకుని, పడవెక్కి నది దాటాలి. ప్రత్యర్థి కంపెనీ న్యూయార్క్ సెంట్రల్ రైళ్ళేమో నేరుగా ఊరి మధ్యకి వచ్చేవి. అప్పటి పెన్సిల్వేనియా ప్రెసిడెంటు అలెగ్జాండర్ కస్సాట్‌కి ఇది మింగుడు పడలేదు. (పెయింటర్ మేరీ కస్సాట్ అన్నే ఈయన.) నది అడుగున రెండు సొరంగాలు, ఒక్కోదాంట్లో ఒక్కో ట్రాక్. అటుపక్క ఈస్ట్ రివర్ కింద ఇంకో నాలుగు. మధ్యలో స్టేషను. అంటే అసలు ప్రాజెక్టు సొరంగాలు. స్టేషను దానికొచ్చిన కొసరు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

కొసరు అన్నాను గానీ ఆ కొసరు మామూలుగా లేదు. మెకిమ్, మీడ్ అండ్ వైట్ అనే ఆర్కిటెక్టుల సంస్థ రోములోని కారకల్లా స్నానశాలల్ని మనసులో పెట్టుకుని కట్టింది. గులాబీ రంగు గ్రానైటు, బయట 84 స్తంభాలు, సుమారు 150 అడుగుల ఎత్తున్న వెయిటింగ్ హాలు, రైళ్ళ మీదకి పగటి వెలుగు పడేలా ఉక్కు, గాజు కప్పు. పాపం కస్సాట్ 1906లోనే పోయాడు, డిజైన్ చేసిన చార్లెస్ మెకిమ్ 1909లో పోయాడు. 1910లో తెరిచినప్పుడు చూడ్డానికి ఇద్దరూ లేరు.

1945లో ఒక్క ఏడాదిలో 10 కోట్లకి పైగా ప్రయాణికులు వచ్చారు. ఆ తర్వాత హైవేలు, జెట్ విమానాలు. రైళ్ళు ఖాళీ, కంపెనీకి నష్టాలు, ఆ రాయి మీద పేరుకున్న మసి కడగడానికి కూడా డబ్బు దండగ అనిపించింది. అప్పుడు కుదిరింది బేరం. స్టేషను నెత్తి మీదున్న స్థలాన్ని వాడుకునే హక్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్ వాళ్ళకి, దానికి బదులుగా రైల్‌రోడ్‌కి నేల కింద చిన్న ఏసీ స్టేషను ఊరికే, పైగా గార్డెన్ కంపెనీలో 25 శాతం వాటా. లెక్కల ప్రకారం చూస్తే ఆ రోజుల్లో ఏ ఫైనాన్స్ మేనేజరైనా సంతకం పెట్టేవాడే. 1962 ఆగస్టులో రెండొందల మంది దాకా ఆర్కిటెక్టులు, రచయితలు అట్టలు పట్టుకుని స్టేషను బయట నిలబడ్డారు. ఎవరూ పట్టించుకోలేదు. 1963 అక్టోబర్ 28న కూలగొట్టడం మొదలైంది. శిథిలాల్లో చాలా భాగం తీసికెళ్ళి న్యూజెర్సీలో సికాకస్ దగ్గరి చిత్తడి నేలల్లో పోశారు. ఎడిసన్ నించి వచ్చే రైలు రోజూ ఆ చిత్తడి పక్క నించే పోతుంది.

దీనివల్ల ఒక మంచి జరిగింది. జనానికి కోపం వచ్చింది. 1965లో న్యూయార్క్ నగరం చారిత్రక కట్టడాల రక్షణ చట్టం చేసింది. అదే చట్టం 1978లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళి గ్రాండ్ సెంట్రల్‌ని కాపాడింది. పెన్ స్టేషన్‌ని అమ్ముకున్న రైల్‌రోడ్ మాత్రం బాగుపడలేదు. 1968లో తన పాత ప్రత్యర్థితోనే కలిసి పెన్ సెంట్రల్ అయ్యి, 1970లో దివాలా తీసింది. స్టేషను చివరికి 1976లో ఆమ్‌ట్రాక్ చేతికి వచ్చింది. నెత్తిన గార్డెన్ అలాగే ఉంది. కట్టినప్పుడు దాని బరువు మోయడానికి దించిన స్తంభాలు ప్లాట్‌ఫారాల్లోకి దిగబడి ఉన్నాయి. ప్లాట్‌ఫారాలు, ట్రాకులు చాలా మటుకు 1910వే. మన భాషలో చెప్పాలంటే ఫ్రంట్ ఎండ్ పీకేసి చవక రకం ఇంకోటి తగిలించారు, బ్యాక్ ఎండ్ జోలికి ఎవరూ పోలేదు.

ఇక బాగు చేసే కథ. స్టేషనుకి ఎదురుగా ఎయిత్ అవెన్యూ అవతల ఫార్లీ పోస్టాఫీసు ఉంది. అదీ మెకిమ్, మీడ్ అండ్ వైట్ వాళ్ళదే, పెద్ద పెద్ద స్తంభాలతో. టపా నేరుగా రైల్లోంచి దించుకోవాలని ట్రాకుల మీదే కట్టారు. ఈ భవనాన్నే స్టేషనుగా మారిస్తే సరిపోతుంది కదా అని 1990ల మొదట్లో సెనేటర్ డానియెల్ పాట్రిక్ మొయినిహాన్ పట్టుకున్నాడు. చిన్నప్పుడు పాత పెన్ స్టేషన్లో బూట్లు పాలిష్ చేసేవాడని చెబుతారు. అన్నట్టు ఈయన 1973 నించి 1975 దాకా ఢిల్లీలో అమెరికా రాయబారి. పీఎల్ 480 గోధుమల బాకీ మాఫీ చేస్తూ 1974లో 1,664 కోట్ల రూపాయల చెక్కు మన ప్రభుత్వం చేతిలో పెట్టింది ఈయనే. అంత పెద్ద చెక్కు ఇప్పించగలిగిన మనిషి సొంత ఊళ్ళో స్టేషను కట్టించలేకపోయాడు.

1999లో అధ్యక్షుడు క్లింటన్ వచ్చి డిజైన్ ఆవిష్కరించాడు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత పోస్టల్ శాఖ ఖాళీ చెయ్యడానికి వెనకాడింది. 2003లో మొయినిహాన్ పోయాడు. 2004లో డబ్బుల్లేవని ఆమ్‌ట్రాక్ తప్పుకుంది, మళ్ళీ 2009లో వచ్చింది. మధ్యలో ఇంకో పెద్ద ఆలోచన: గార్డెన్‌నే ఫార్లీ వెనక భాగంలోకి మార్చేసి పెన్ స్టేషన్‌కి ఆకాశం చూపిద్దామని. నాకైతే వచ్చిన ప్లాన్లన్నిట్లో ఇదే అసలైన పరిష్కారం అనిపిస్తుంది. 2008లో గార్డెన్ వాళ్ళు మేం కదలం అన్నారు, ఉన్నచోటే సుమారు వంద కోట్ల డాలర్లు పెట్టి రిపేర్లు చేయించుకున్నారు. ఆ తర్వాత వాళ్ళని లేపడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. 2010 అక్టోబర్లో ఫార్లీ మొదటి దశకి కొబ్బరికాయ కొట్టారు, అది పూర్తయింది 2017లో. గవర్నర్ కూమో వెంటపడ్డాక 160 కోట్ల డాలర్ల ఖర్చుతో మొయినిహాన్ ట్రెయిన్ హాల్ 2021 జనవరి 1న తెరిచారు. సెనేటర్ పోయిన పద్ధెనిమిదేళ్ళకి.

హాలు బాగుంది, కాదనను. 92 అడుగుల ఎత్తున గాజు కప్పు, పాత ఉక్కు దూలాలు, మళ్ళీ వెలుగు. కూర్చోడానికి మాత్రం టికెట్ చూపించి వెళ్ళే వెయిటింగ్ రూము తప్పితే హాల్లో బెంచీలు వెయ్యలేదు! అయితే ఇది ఆమ్‌ట్రాక్‌కి, లాంగ్ ఐలాండ్ రైళ్ళకి ఉద్దేశించింది. మొత్తం 21 ట్రాకుల్లో 17కే ఇక్కడి నించి దారి ఉంది. లేని నాలుగూ 1 నించి 4, న్యూజెర్సీ ట్రాన్సిట్ మాత్రమే వాడేవి. మన ఎడిసన్ వాళ్ళు రోడ్డుకి అవతల పాత నేలమాళిగలోనే మెడలెత్తి నిలబడాలి.

అంతకంటే పెద్ద సంగతి, హాలు వచ్చినంత మాత్రాన ఒక్క రైలు కూడా పెరగలేదు. నది కింద ఇప్పటికీ కస్సాట్ వేసిన ఆ రెండు ట్రాకులే, రద్దీ వేళలో గంటకి 24 రైళ్ళు. రెండు కొత్త సొరంగాలకి ఆర్క్ పేరుతో 2009లో పని మొదలైంది. 2010 అక్టోబర్లో న్యూజెర్సీ గవర్నర్ క్రిస్టీ ఖర్చు పెరిగిపోతోందని రద్దు చేశాడు. సరిగ్గా రెండేళ్ళకి 2012 అక్టోబర్లో శాండీ తుఫాను వచ్చి ఉప్పునీరు పాత సొరంగాల్లోకి దూరింది. నీళ్ళు తోడేశారు గానీ ఉప్పు కాంక్రీటునీ, కేబుళ్ళనీ తింటూనే ఉంది. బాగా రిపేరు చెయ్యాలంటే ఒక సొరంగం మూసెయ్యాలి, మూస్తే గంటకి 24 రైళ్ళు పోయి 6 మిగులుతాయి. అంచేత ముందు కొత్తవి తవ్వాలి. ఆ గేట్‌వే ప్రాజెక్టుకి 1,600 కోట్ల డాలర్ల అంచనా, 2024లో కేంద్రం నించి 688 కోట్లకి ఒప్పందం, 2025 అక్టోబర్లో ఆ నిధులు నిలిపివేస్తున్నామని అదే కేంద్రం ప్రకటన. హాకెన్సాక్ నది మీద 1910 నాటి పోర్టల్ వంతెన పడవల కోసం తెరుచుకుని ఒక్కోసారి మళ్ళీ సరిగ్గా మూసుకునేది కాదు, మనుషులు వెళ్ళి సమ్మెటలతో కొట్టి పట్టాలు కూర్చోబెట్టేవాళ్ళు. దానికి బదులు కొత్తదానికి 2022లో పని మొదలైంది.

ఎందుకింత ఆలస్యం అంటే డబ్బు ఒక్కటే కారణం అనుకోను. స్టేషను ఆమ్‌ట్రాక్‌ది. రైళ్ళు ఎక్కువ నడిపేది లాంగ్ ఐలాండ్, న్యూజెర్సీ వాళ్ళు. నెత్తి మీద గార్డెన్ ప్రైవేటు ఆస్తి. చుట్టుపక్కల స్థలాలు రియల్ ఎస్టేట్ కంపెనీలవి. ఎవరి మాడ్యూల్ వాళ్ళది, ఇంటిగ్రేషన్ ఎవరిదీ కాదు. ఎవరి మటుకు వాళ్ళు చేసుకున్న పనులు జరిగాయి కూడా: లాంగ్ ఐలాండ్ వాళ్ళ వైపు నడవా వెడల్పు చేసి సీలింగు ఎత్తు పెంచారు, సెవెంత్ అవెన్యూ మీద కొత్త ద్వారం పెట్టారు. న్యూజెర్సీ ట్రాన్సిట్ కూడా 2002లో తనకంటూ ఒక హాలు తెరుచుకుంది. అది ఎప్పుడో నిండిపోయింది.

2025 ఏప్రిల్లో కేంద్ర రవాణా శాఖ మొత్తం పునర్నిర్మాణాన్ని రాష్ట్రం చేతిలోంచి లాక్కుని ఆమ్‌ట్రాక్‌కి అప్పగించింది, 2027 చివరికల్లా పని మొదలుపెడతామని కూడా ప్రకటించింది. గార్డెన్‌ని కదిలిస్తారా లేదా అన్న దాన్ని బట్టే డిజైన్లన్నీ మారిపోతాయి. ఆ గార్డెన్‌కి నగరం 1963లో 50 ఏళ్ళకి పర్మిట్ ఇచ్చింది. 2013లో పదేళ్ళకే పొడిగించింది. 2023లో అయిదేళ్ళకే. 2028లో ఆ ఫైలు మళ్ళీ సిటీ కౌన్సిల్ బల్ల మీదకి వస్తుంది.