తెర పట్టుకున్నవాళ్ళు

2019 మే 20, సోమవారం పొద్దున. హైదరాబాద్‌లో మా ఆఫీసు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ఆఖరి ఎపిసోడ్ ఆ తెల్లవారుజామునే ఇండియాలో వచ్చింది. సగం మంది చీకటితోనే లేచి చూసొచ్చారు. మిగతా సగం రాత్రికి చూద్దామని చెవులు మూసుకు తిరుగుతున్నారు. నేను చూసొచ్చిన బాపతు. కాఫీ మెషీన్ దగ్గర నోరు జారాను. సింహాసనం ఎవరికి దక్కిందో ఒక్క ముక్కలో చెప్పేశాను. వెనక నా స్నేహితుడు నిలబడి ఉన్నాడు. ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాడు ఆ సీరియల్‌ని. రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

అప్పట్లో నాకది అతిగా అనిపించింది. తప్పు నాది కాబట్టి వెంటనే ఒక సిద్ధాంతం తయారుచేసుకున్నాను. అదేంటంటే, స్పాయిలర్ అనేది మన జబ్బు కాదు, దిగుమతి సరుకు. ఆ మాటని ఈ అర్థంలో నలుగురి నోళ్ళలో వేసింది 1971లో ‘నేషనల్ లాంపూన్’ అనే అమెరికన్ హాస్యపత్రికలో డగ్ కెన్నీ రాసిన వ్యాసం అంటారు. మనకేమో కథ ముందే తెలుసు. 1987లో రామానంద్ సాగర్ ‘రామాయణ్’ మొదలైనప్పుడు రావణుడు చస్తాడని తెలియనివాడెవడు? అయినా ఆదివారం పొద్దున వీధులు ఖాళీ. పైగా మాది పామర్రు. కూచిపూడి మాకు పొరుగూరి కింద లెక్క. సత్యభామ అలుగుతుందనీ, కృష్ణుడు దిగొస్తాడనీ తెలిసే కదా తరాలుగా భామాకలాపం చూశారు!

ఈ సిద్ధాంతం చాలామందికి చెప్పాను. చాలామంది ఒప్పుకున్నారు కూడా. ఇప్పుడు అది తప్పని రాస్తున్నాను.

మొదటి సాక్షి ‘చందమామ’. 1947 జులైలో మొదలైన ఈ పత్రికలో 1950ల నుంచీ దాసరి సుబ్రహ్మణ్యం గారి జానపద సీరియళ్ళు వచ్చాయి: తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ. పైన ఆయన పేరుండేది కాదు. చిత్రా బొమ్మలుండేవి. చివర్లో ‘ఇంకా ఉంది’ అని ఉండేది. మా నాన్న తరం ఆ రెండు మాటల మీద నెలంతా బతికింది. పుస్తకం ముందు చేతికొచ్చినవాడు బళ్ళో రాజు. వాడు కథ చెప్పేస్తానని బెదిరించి పక్కవాళ్ళ చేత పనులు చేయించుకునేవాడట. స్పాయిలర్ అనే మాట లేదు గానీ దాంతో బెదిరించి పబ్బం గడుపుకోవడం మాత్రం ఉంది.

రెండో సాక్షి, 1980ల మొదట్లో యండమూరి ‘తులసిదళం’. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. చేతబడి మీద నమ్మకం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే వరసలో నిలబడి వారం వారం చదివారు. ఇక 2015 జులై 10 నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా, ‘బాహుబలి’ రెండు భాగాల మధ్య, కట్టప్ప ఎందుకు చంపాడో తేల్చని టీకొట్టు తెలుగునాట ఉందా? మా పామర్రు సెంటర్లో నేను విన్నవే ఐదారు సిద్ధాంతాలు. రెండోభాగం విడుదలైన రోజు మార్నింగ్ షో చూసొచ్చిన కుర్రాళ్ళని చూసి, మ్యాట్నీకి వెళ్ళేవాళ్ళు ‘చెప్పొద్దురా బాబూ’ అని దణ్ణం పెట్టడం కళ్ళారా చూశాను.

అంటే తెలియకపోవడంలోని రుచి మనవాళ్ళకి తెలుసు. పాతకథకి ఒకలాంటి ఆకలి, కొత్తకథకి ఇంకోలాంటి ఆకలి. ఒకే మనిషికి రెండూ ఉంటాయి. రామాయణం చూసి కంటతడి పెట్టినావిడే తులసిదళం పేజీలు చింపి కుట్టుకుంది. తేడా దేశాల మధ్య కాదు, కథల మధ్య.

ఇంతవరకూ తేలిగ్గానే ఒప్పుకున్నాను. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది నా సిద్ధాంతానికి ఆధారమనుకున్న కూచిపూడే. సంప్రదాయ భామాకలాపంలో సత్యభామ ఒక్కసారిగా రంగం మీదికి రాదు. ఇద్దరు తెర పట్టుకుంటారు. ఆమె తెర వెనక ఉంటుంది. ముందుగా జడ ఒక్కటే తెర మీద నుంచి ఇవతలికి పడుతుంది. వచ్చేది ఎవరో జనానికి తెలుసు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు వేషం కట్టిన రోజైతే ఆ జడ వేసుకున్నది మగమనిషని కూడా తెలుసు. దాచడానికి ఏమీ మిగల్లేదు. మరి తెర ఎందుకు?

దీనికి జవాబు నాకు మా మేనత్త దగ్గర దొరికింది.

తొంభైల చివర్లో ఈటీవీలో ‘అన్వేషిత’ వచ్చేది. అచ్యుత్, యమున నటించిన మంత్రతంత్రాల సీరియల్. మా అత్త కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టేది. రాత్రి పని తెమిలేది కాదు, పైగా టీవీ ముందుగదిలో, మిషన్ వెనక వసారాలో. అందుకని చూసొచ్చి చెప్పే ఉద్యోగం నాది. మర్నాడు బడికెళ్ళే ముందు స్టూలు మీద కూర్చుని చెప్పేవాణ్ణి. ఒక రాత్రి మధ్యలో నిద్రపోయాను. పొద్దున్నే ఆ సంగతి ఒప్పుకోవడానికి మనసు రాలేదు. మిగతా సగం సొంతంగా కల్పించి చెప్పాను, ఒక పాముని కూడా తెచ్చి పెట్టాను. అత్త మిషన్ ఆపి మరీ వింది. ‘అయ్యో, తర్వాతేమైందిరా?’ అని కూడా అడిగింది.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ పాము సంగతి బయటపెట్టాను. అత్త నవ్వింది. ‘తెలుసులేరా. అప్పటికే పొద్దున కుళాయి దగ్గర అందరూ చెప్పుకుంటుంటే విన్నాను. నువ్వు ఎందాకా తీసుకెళ్తావో చూద్దామని కూర్చున్నా’ అంది.

పదేళ్ళ పిల్లాడి కోసం ఆవిడ తెర పట్టుకుంది. కథ తెలిసీ, అడ్డు రాకుండా కూర్చుంది. తెర దాచడానికి కాదు, అవతలివాడి వంతు వచ్చేదాకా ఆగడానికి. కూచిపూడిలో ఆ ఇద్దరూ చేసేది ఇదే. వాళ్ళూ ఆ కథ తెలిసినవాళ్ళే.

ఇలా చూస్తే ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చరిత్రలో రెండు సంఘటనలు వేరేగా కనిపిస్తాయి. జార్జ్ మార్టిన్ మూడో నవల 2000లో వచ్చింది. అందులో ఒక పెళ్ళి ఉంది. అది టీవీలోకి 2013 జూన్ 2న వచ్చింది. మధ్యలో పదమూడేళ్ళు. ఆ పెళ్ళిలో ఏం జరుగుతుందో లక్షల మంది పాఠకులకి తెలుసు. అయినా చాలామంది తమ ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు. ఆ రాత్రి టీవీ వైపు కాకుండా, చూస్తున్న స్నేహితుల ముఖాల వైపు కెమెరా పెట్టుకుని కూర్చున్నారు. రెండోది 2017 ఆగస్టుది. ఏడో సీజన్లో ఒక ఎపిసోడ్ ప్రసారానికి ముందే ఇండియా నుంచి బయటికి పొక్కింది, మహారాష్ట్ర పోలీసులు నలుగురిని అరెస్టు చేశారు. నా వృత్తి భాషలో చెప్పాలంటే అది యాక్సెస్ సమస్య. కానీ నవల చదివినవాళ్ళకీ యాక్సెస్ ఉంది, ఏ కంపెనీ ఒప్పందమూ లేకుండా వాళ్ళు నోరు కట్టుకున్నారు. ఆ మర్యాదని ఏ పాస్‌వర్డూ నేర్పదు.

కాఫీ మెషీన్ దగ్గర నేను చేసింది చిన్నపనే కావచ్చు. కానీ అవతలివాడి వంతు రాకముందే తెర లాగేశాను. దాన్ని సమర్థించుకోవడానికి మా పక్కూరి కళని సాక్ష్యానికి పిలిచాను. ఆ కళే నాకు ఎదురు సాక్ష్యం చెప్పింది.

ఆ స్నేహితుడు ఇప్పుడు ‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ చూస్తున్నాడు. దానికి మూలమైన ‘ఫైర్ అండ్ బ్లడ్’ 2018లోనే వచ్చింది, నేను చదివాను. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా లంచ్‌లో నా ఎదురుగానే కూర్చుని ఏ డ్రాగన్ చస్తుందో, చివరికి ఎవరు ఎవరికి ద్రోహం చేస్తారో లెక్కలు కడతాడు. సగం తప్పులు. ఒకటి మాత్రం అచ్చంగా నిజం. చెప్పేటప్పుడు నా ముఖంలోకి చూస్తాడు.

‘ఏమో, తర్వాతేమవుతుందంటావ్?’ అని అడుగుతున్నాను.