తడిసిన పక్కకు మూడున్నర వేల ఏళ్ల చరిత్ర

మా చిన్నవాడికి ఆరేళ్లు దాటాయి. మొన్న సంక్రాంతికి మా పుట్టింటికి బయల్దేరేటప్పుడు వాడు బ్యాగులో బట్టలకంటే ముందు రబ్బరు షీటు సర్దుకున్నాడు. ఎవరికీ కనబడకుండా దానిమీద టవలు కప్పాడు. నేను చూడనట్టే ఊరుకున్నాను గానీ, మనసు చివుక్కుమంది. ఆరేళ్లకే వాడికి దాచుకోవాల్సిన సంగతి ఒకటి వచ్చేసిందన్నమాట.

పిల్లలు పక్క తడుపుతుంటే ఏం చెయ్యాలో మనకు చెప్పేవాళ్లకి కొదవ లేదు. నువ్వులూ బెల్లం కలిపి ఉండ పెట్టమంటారు, సాయంత్రం నుంచీ నీళ్లు ఇవ్వొద్దంటారు, దిష్టి తియ్యమంటారు. నాకు మాత్రం ఈసారి వేరే సందేహం వచ్చింది. అసలు తల్లులు ఎన్నాళ్లనుంచి ఈ బొంతలు ఉతుకుతున్నారు? ఎవరు ఏం మందు వేశారు? వెతుక్కుంటూ పోతే నాకంటే ముందే ఒక డాక్టరమ్మ ఈ పని చేసిందని తెలిసింది. లుసిల్ గ్లిక్లిక్ అనే ఆవిడ 1951లో పీడియాట్రిక్స్ అనే అమెరికా వైద్య పత్రికలో దీని చరిత్రంతా ఒకచోట చేర్చి రాసింది.

ఆ చరిత్ర ఈజిప్టులో మొదలవుతుంది. క్రీస్తుకు పూర్వం 1550 ప్రాంతంలో రాసిన ఎబర్స్ పపైరస్ అనే వైద్య గ్రంథంలో పక్క తడిపే పిల్లలకి ఒక మందు ఉంది. జునిపర్ కాయలు, సైప్రస్, బీరు కలిపి ఇవ్వమని. చదవగానే నవ్వొచ్చింది. ఆ వెంటనే, పిరమిడ్ల దేశంలో కూడా ఒక తల్లి పొద్దున్నే తడి పక్కబట్ట పట్టుకుని నిలబడి ఉంటుంది కదా అనిపించింది.

రోము దేశపు ప్లినీ మొదటి శతాబ్దంలో రాసిన పెద్ద పుస్తకంలో ఇంకో ఉపాయం చెప్పాడు. ఎలుకని ఉడకబెట్టి పిల్లల తిండిలో కలిపి పెట్టాలట! పదహారో శతాబ్దంలో థామస్ ఫేయర్ అనే ఆయన పిల్లల జబ్బుల మీద ఇంగ్లీషులో మొదటి పుస్తకం రాశాడు. అందులో పక్క తడపడానికి విడిగా ఒక భాగమే ఉంది. కోడిపుంజు గొంతు గొట్టాన్ని కాల్చి పొడిచేసి రోజుకి రెండు మూడుసార్లు ఇమ్మన్నాడు. మన దేశంలోనూ దీనికి పేరుంది. శార్ఙ్గధర సంహిత పిల్లలకి వచ్చే రోగాలు లెక్కపెడుతూ వాటిలో శయ్యామూత్రాన్ని కూడా చేర్చింది.

మందులు ఎంత విడ్డూరంగా ఉన్నా, వీటన్నిటిలో నాకు ఒక మంచి కనబడింది. వాళ్లు దాన్ని జబ్బు అనుకున్నారు, మందు వెతికారు. పిల్లాడి పొగరనో బద్ధకమనో అనుకున్నచోటే చరిత్ర చేదుగా మారుతుంది.

జార్జ్ ఆర్వెల్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన 1903లో మన బీహారులోని మోతీహారిలో పుట్టాడు. తల్లి ఆయన్ని పసివాడుగా ఉన్నప్పుడే ఇంగ్లండు తీసుకెళ్లిపోయింది. 1911లో ఎనిమిదేళ్ల వయసులో అక్కడ హాస్టలున్న బడిలో వేశారు. ఇల్లు వదిలి వెళ్లిన కొద్దిరోజులకే రాత్రిళ్లు పక్క తడపడం మొదలైంది. ఈ రాత్రి తడపకుండా చూడమని దేవుడికి మొక్కుకుని పడుకునేవాడు. అయినా తడిసేది. హెడ్మాస్టరు గుర్రాల్ని కొట్టే కొరడాతో కొట్టాడు. బయటికొచ్చి, పెద్దగా నొప్పెయ్యలేదని తోటి పిల్లలతో అంటే, అది వినబడి మళ్లీ లోపలికి పిలిపించి, ఆ కొరడా విరిగేదాకా కొట్టాడు. ఆర్వెల్ పెద్దయ్యాక ఈ సంగతులన్నీ ఒక వ్యాసంలో రాసుకున్నాడు. 1950లో ఆయన పోయాక, 1952లో అది అచ్చయింది. దెబ్బలకంటే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది ఒక ఆలోచన. మనం కావాలని చెయ్యకపోయినా, మనకి తెలియకుండానే పాపం జరిగిపోవచ్చన్నమాట అనుకున్నాడట ఆ పసివాడు. ఆ తర్వాత ఇంకొక్కసారి తడిపాడు, మళ్లీ దెబ్బలు తిన్నాడు, అక్కడితో ఆగిపోయింది. కొడితే తగ్గుతుందేమో గానీ దానికి చెల్లించే మూల్యం చాలా ఎక్కువ అన్నది ఆయన మాటల సారాంశం.

ఇది నేను రాత్రి భోజనాల దగ్గర చెబుతుంటే మావారు చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయారు. అత్తయ్యగారు కాసేపు కంచంలోకి చూస్తూ కూర్చుని, "అమ్మాయ్, వాడి తొడమీద మచ్చ చూశావా?" అన్నారు. చూశాను. పెళ్లయిన కొత్తలో అడిగితే చిన్నప్పుడు పొయ్యిమీద పడ్డానన్నారు. "పొయ్యీ లేదు, ఏమీ లేదు. ఏడేళ్లప్పుడు పక్క తడుపుతున్నాడని మా అత్తగారు అట్లకాడ కాల్చి వాత పెట్టింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. కొత్త కోడల్ని కూడా కాదు, ఇద్దరు పిల్లల తల్లిని. అయినా వద్దత్తా అనలేకపోయాను" అన్నారు.

ఇన్నేళ్లుగా అత్తయ్యగారు మనవడి తడి దుప్పట్లు నాకంటే ముందే తీసుకెళ్లి చప్పుడు చెయ్యకుండా ఎందుకు ఉతికేస్తారో అప్పుడు అర్థమైంది. పక్క పొడిగా ఉన్నా లేకపోయినా వాడికి రోజూ నువ్వులుండ చేతిలో ఎందుకు పెడతారో కూడా.

ఇక చరిత్రలో మలుపు 1904లో వచ్చింది. అదీ అనుకోకుండా. పిల్లల డాక్టరు మైన్‌హార్డ్ ఫాన్ ఫౌండ్లర్ ఆస్పత్రిలో నర్సుల సౌకర్యం కోసం ఒక పరికరం తయారుచేశాడు. పక్క తడవగానే గంట మోగుతుంది, నర్సు వచ్చి గుడ్డలు మారుస్తుంది, అంతే ఆయన ఉద్దేశం. కొన్నాళ్లకి చూస్తే ఆ గంట ఉన్న పక్కలమీద పడుకున్న పిల్లలు తడపడమే మానేస్తున్నారు! ఆయన ఆ సంగతి రాసినా లోకం పెద్దగా పట్టించుకోలేదు.

1938లో అమెరికాలో హోబర్ట్ మౌరర్, ఆయన భార్య విల్లీ మే మౌరర్ దాన్నే పద్ధతిగా చేసి చూపించారు. మందపాటి గుడ్డకి అటూ ఇటూ లోహపు జాలీ పెట్టి, తడి తగిలితే కరెంటు పారి గంట మోగేలా ఒక పరుపు కుట్టారు. 30 మంది పిల్లల మీద వాడితే 30 మందికీ తగ్గింది. మూత్రాశయం నిండడానికీ మెలకువ రావడానికీ శరీరంలో ముడి పడాలి, గంట ఆ ముడి వేస్తుంది అన్నది వాళ్ల వివరణ. ఇవాళ డాక్టర్లు చెప్పే బెడ్ వెట్టింగ్ అలారం దానికి మనవరాలే. కాకపోతే అది మోగితే చాలామంది పిల్లలు మొదట్లో లేవరు. పక్కింటివాళ్లు లేస్తారు! మనమే లేచి, వాణ్ణి లేపి, బాత్‌రూముకి నడిపించాలి. అలా రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

ఆ తర్వాత అసలు కారణాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. రాత్రిపూట మూత్రం తక్కువ తయారవడానికి మన ఒంట్లో ఒక హార్మోను పెరుగుతుంది. పక్క తడిపే పిల్లల్లో కొందరికి అది రాత్రిళ్లు పెరగదని 1985లో డెన్మార్క్ పరిశోధకులు చూపించారు. 1995లో అక్కడి కుటుంబాలనే పరీక్షించి, 13వ క్రోమోజోముతో సంబంధం ఉందని కనుక్కున్నారు. అంటే ఇది వంశంలో వస్తుంది. మా ఇంట్లో తండ్రి తొడమీద ఉన్న మచ్చా, కొడుకు బ్యాగులో ఉన్న రబ్బరు షీటూ ఒకే కథ అన్నమాట.

మా డాక్టరుగారు చెప్పింది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను. అయిదేళ్ల లోపు అసలు కంగారు పడక్కర్లేదు. నీళ్లు పగటిపూట బాగా తాగించి, పడుకునే ముందు తగ్గించాలి. పడుకోబోయే ముందు తప్పకుండా బాత్‌రూముకి పంపాలి. మలబద్ధకం ఉంటే ముందు అది తగ్గించాలి, బిగుసుకున్న పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది. మాత్రలు డాక్టరు రాస్తేనే వాడాలి, అవి వేసిన రాత్రి నీళ్లు ఎక్కువ తాగించకూడదు. ఆరు నెలలు పొడిగా ఉండి మళ్లీ మొదలైనా, మంట, పగలు కూడా బట్టలు తడపడం, విపరీతమైన దాహం, బరువు తగ్గడం లాంటివి కనబడినా ఆలస్యం చెయ్యకుండా చూపించాలి. తిట్టడం, నలుగురిలో చెప్పడం, తమ్ముడితో పోల్చడం మాత్రం ఏ వయసులోనూ వద్దు.

ఆ రాత్రి మావారు పిల్లాడి పక్కన పడుకున్నారు. తలుపు అవతలనుంచి వినబడింది. "నేనూ తడిపేవాణ్ణిరా నాన్నా, పదేళ్లదాకా." కాసేపు నిశ్శబ్దం. తర్వాత మావాడి గొంతు, ఆశ్చర్యంగా, "నిజంగానా నాన్నా? మరి నానమ్మ తిట్టిందా?"

"నానమ్మ తిట్టలేదురా" అన్నారు మావారు. హాల్లో కూర్చుని బియ్యం ఏరుతున్న అత్తయ్యగారు చేట పక్కన పెట్టి కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

పొద్దున పక్క తడిసే ఉంది. వాడే దుప్పటి తీసి బకెట్లో వేసి, "అమ్మా, ఇవాళ తడిసింది" అని చెప్పి బడికి తయారయ్యాడు. దాన్ని డాబామీద ఎండలో ఆరేశాను.