గాలికి లొంగని వలయము

నెదర్లాండ్సు దేశపు దక్షిణభాగమున ఐండ్‌హోవెన్ అను నగరము కలదు. 1891 లో ఫిలిప్స్ సంస్థ పుట్టి, విద్యుద్దీపములతో లోకమునకెల్ల పరిచితమైనది ఈ నగరమునందే. ఆ దేశమున సైకిలు లేమికి గుర్తు కాదు. పాఠశాల బాలుడును, పండువృద్ధుడును, ప్రధానమంత్రియు నొకే బాటపై సైకిలు త్రొక్కుకొని పోవుట యచ్చట వింత కాదు.

ఆ నగరపు పడమటి యంచున, ఏ2 అను మహా మోటారు రహదారికి చేరువను, వెల్డ్‌హోవెన్ పట్టణమునకు పోవు దారిలో నొక పెద్ద కూడలి కలదు. పూర్వ మచ్చట మోటారులును సైకిళ్ళును ఒకే మట్టమున తిరిగిపోవుచుండెడివి. సమీపమున మేర్‌హోవెన్ అను క్రొత్తవాడ వెలసి వాహనములు పెరుగుటతో ఆ యేర్పాటు చాలదాయెను. సైకిలువారిని దారికడ్డమని తొలగించుటకు మారుగా, నగరపాలకులు వారికి పైన వేరొక బాట వేయింప సంకల్పించిరి.

ఐపీవీ డెల్ఫ్ట్ సంస్థవారు రూపొందించిన ఆ బాట 72 మీటర్ల వ్యాసముగల ఉక్కు వలయము. కూడలి నడుమ 70 మీటర్ల స్తంభ మొకటి నిలిపి, దాని కొననుండి 24 ఉక్కుమోకులతో వలయమును వ్రేలాడగట్టిరి. విప్పిన గొడుగును, దాని ఊచలను తలచుకొనిన ఈ నిర్మాణము మనస్సునకు తోచును. మోకులు లోపలి యంచునే పట్టియుండగా బాట వెలుపలికి ఒరిగి మెలిపడదా యని సందేహము కలుగవచ్చును. అందులకై బాటకు లోపలివైపున వలయాకారముననే యొక ప్రతిభారమును చేర్చి, రెండును కలియుచోట మోకులను బిగించిరి. త్రాసు తట్టలవలె అవి యొకదాని నొకటి సరితూచును.

మరియొక విశేషము. పైకెక్కు వాలు సుగమమగుటకై దిగువ కూడలినే సుమారు ఒకటిన్నర మీటరు లోతునకు దించిరి. మోటారునకు మిట్టపల్లములు లెక్కలేదు. సైకిలు త్రొక్కువానికి ప్రతి మిట్టయు మోకాళ్ళకు తెలియును. ఆ కష్టము నెరిగి లెక్కవేసినవారిని మెచ్చవలయును.

2011 డిసెంబరులో వంతెన తెరువబడెను. ఐన కొలదికాలమునకే మూయవలసి వచ్చెను. గాలి సోకినపుడు మోకులు మితిమీరి కంపించెను. సన్నని పొడుగుపాటి వస్తువును గాలి దాటునపుడు ఇరువైపులను మార్చి మార్చి సుడులు లేచును. ఆ తాకిడుల వేగము వస్తువు సహజకంపనముతో కలిసెనా, అల్పమైన గాలియు నధికమైన ఊపు నీయగలదు. లండనులో థేమ్సునదిపై కాలినడకకై కట్టిన మిలీనియం వంతెనయు 2000 జూను 10 న తెరువబడి, రెండు దినములకే మూయబడినది. అచ్చట ఊపినది గాలి కాదు, జనుల అడుగులు. అది మరల తెరచుకొనుటకు 2002 ఫిబ్రవరి వరకు పట్టెను.

ఐండ్‌హోవెన్‌వారు అంతకాలము వేచియుండవలసిన పని లేకపోయెను. నిపుణులు కంపనములను పరీక్షించి, మోకులకు ఊపు నణచు సాధనములను అమర్చిరి. 2012 జూను 29 న వంతెన మరల తెరువబడెను. మూడు ఊళ్ళ పేళ్ళకును తుదనున్న "హోవెన్" అను మాటను గ్రహించి దానికి హోవెన్‌రింగ్ అని పేరిడిరి. చీకటిపడగనే వలయమంతయు దీపములతో వెలుగును. క్రింద మోటారులు సాగుచుండగా, పైన సైకిలువారు ఆగకయే వలయమును చుట్టి తమ దారిని పోవుదురు.